మన పుస్తకంలో కొట్టేసిన పేరు

(పట్టణ సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో, సమాఖ్య నడుపుతున్న నిరాశ్రయుల వసతి గృహం బాధ్యత చూస్తున్న సభ్యురాలు చేసిన ప్రసంగం)



నన్ను వసతి గృహం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. లెక్కలు కోశాధికారి గారు ఇప్పుడే చదివారు. మంచాలెన్ని, దుప్పట్లెన్ని, బియ్యానికి ఎంత, కరెంటు బిల్లు ఎంత, అన్నీ మీ చేతిలో ఉన్న నివేదికలో వేశారు. అవి మళ్ళీ చెప్పను. మన సభ్యులే చాలామంది నన్ను బజార్లో ఆపి ఒక మాట అడుగుతుంటారు. "ఆ రోడ్డు మీద వాళ్ళకి మనమెందుకు వండి పెట్టాలి? కాళ్ళూ చేతులూ ఉన్నాయిగా, పని చేసుకోవచ్చుగా?" అని. దానికి జవాబు చెప్పుకుందామని వచ్చాను. ఈ పనిలోకి రాకముందు నేనూ ఆ మాటే అన్నదాన్ని. కాబట్టి అడిగిన వాళ్ళ మీద నాకు కోపం లేదు.

పని సంగతే ముందు చూద్దాం. తెల్లవారుజామున మూడింటికి మార్కెట్‌లో ఉల్లిపాయల లారీ దించేదెవరు? పెళ్ళిళ్ళలో మనం చేతులు కడుక్కుని వచ్చేశాక అర్ధరాత్రి దాకా గుండిగలు తోమేదెవరు? చెత్తలో అట్టలు, సీసాలు ఏరేదెవరు? మా వసతి గృహంలో పడుకునే వాళ్ళలో చాలామంది ఈ పనుల్లోనే ఉన్నారు. పని ఉంది, కూలి కూడా వస్తుంది. కానీ పని ఉన్న రోజునే వస్తుంది. ఇంటివాళ్ళేమో మూడు నెలల అడ్వాన్సు ముందే అడుగుతారు. రోజు కూలి రోజుకే సరిపోయేవాడు ఆ అడ్వాన్సు ఎప్పటికి కూడబెడతాడు? పోనీ ఊరి చివర తక్కువ అద్దెకి దొరుకుతుందనుకుందాం. మూడింటికి లారీ దగ్గర ఉండాలంటే ఆ వేళప్పుడు ఆటో ఎవరు తోలతారు? అందుకని మార్కెట్ అరుగు మీదే నడుం వాలుస్తాడు. 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉండే వాళ్ళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతే గుర్తించింది. వాళ్ళు అక్కడ ఉండేది పని అక్కడ ఉంది కాబట్టే, బతుకుతెరువు కూడా బతికే హక్కులో భాగమేనని చెప్పింది. అయినా ఖాళీ చేయించవద్దని మాత్రం అనలేదనుకోండి. తగిన నోటీసు ఇచ్చి చేయించుకోవచ్చు అంది.

ఇల్లు లేనివాళ్ళంటే ఎవరు? జనాభా లెక్కల వాళ్ళు దీనికి ఒక అర్థం రాసుకున్నారు. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, పెద్ద సిమెంటు తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ళ దగ్గర, మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఉండేవాళ్ళు అని. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి వాళ్ళని లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల పైచిలుకు తేలారు. అప్పుడు ఉమ్మడిగా ఉన్న మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు లక్షా 45 వేలు. 2001తో పోలిస్తే పల్లెల్లో తగ్గారు, పట్టణాల్లో పెరిగారు. పట్టణాల్లో 7 లక్షల 78 వేలు ఉన్నవాళ్ళు 9 లక్షల 38 వేలయ్యారు. ఒక్క రాత్రిలో పెట్టిన లెక్క ఇది. మా రాత్రి గస్తీలో మేం చూసేదాన్ని బట్టి చెబుతున్నాను, పోలీసులు లేపుతారని భయపడి మూలల్లోకి పోయి పడుకునేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అసలు కంటికే కనపడరు. ఒకామె రాత్రంతా బస్టాండులో బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూచుంటుంది, బస్సు కోసం చూస్తున్నట్టు. ఏ బస్సూ ఎక్కదు. మూడో రోజు గానీ మాకు అర్థం కాలేదు.

సరే, ఇక్కడికి ఎలా చేరతారు? నేను ఈ పనిలోకి రాకముందు, తాగుబోతులు, ఇల్లు వదిలి పారిపోయినవాళ్ళు అనుకునేదాన్ని. తాగేవాళ్ళు ఉన్నారు, లేరనను. కానీ చాలామంది రోడ్డు మీదకి వచ్చాకే తాగుడు మొదలుపెట్టారు. చలికి, దోమలకి, భయానికి. కారణం ఏదో, ఫలితం ఏదో మనం తిరగేసి చూస్తున్నాం.

ఎక్కువమంది కథ ఆసుపత్రి దగ్గర మొదలవుతుంది. మేస్త్రీ పనిలో పరంజా మీద నుంచి పడ్డాడు, లారీ దించుతుంటే నడుం పట్టేసింది, పక్షవాతం వచ్చింది, టీబీ వచ్చింది. ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ కార్డు పనికొచ్చినా, ఆ మూడు నెలలు ఇంట్లో పొయ్యి వెలగడానికి ఏ కార్డూ లేదు. అప్పు పుడుతుంది, దానిమీద వారం వాయిదాల కంపెనీ అప్పు, దాన్ని తీర్చడానికి ఇంకోటి. 2010లో మన రాష్ట్రంలో ఈ కంపెనీల వసూళ్ళ మీద ఎంత గొడవ అయ్యిందో, ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిందో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత అద్దె ఒక నెల ఆగుతుంది, రెండో నెల ఆగుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనలో అద్దెకిచ్చే వాళ్ళూ ఉన్నారు గనక నొచ్చుకోకండి. అద్దె ఇంట్లో చావు జరగకూడదని మనకో పట్టింపు ఉంది. మనిషి ఇక ఎన్నో రోజులు ఉండడని డాక్టర్లు చెప్పి ఇంటికి పంపిస్తారు. ఇంటివాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు. "మీ సొంతూరు తీసుకెళ్ళండమ్మా" అంటారు. సొంతూళ్ళో ఇల్లుంటే వీళ్ళు ఇక్కడికెందుకొస్తారు? అలాంటి మనిషిని ఆటోలో పెట్టుకుని ఒక రాత్రంతా తిరిగిన కుటుంబం మా వసతి గృహం తలుపు కొట్టింది. ఆయన తెల్లవారి మా దగ్గరే పోయాడు. పిల్లలు నిద్రపోతున్నారు. కర్మకాండలు అయ్యాక అదే ఇంటికి వెళితే, సామాను వరండాలో పెట్టేసి ఉంది. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఆయన జబ్బులో ఉన్నన్నాళ్ళూ పాలూ పళ్ళూ ఇచ్చినవాళ్ళే. ఇక అక్కడి నుంచి భర్త పోయిన ఆడమనిషికి ఇంకో ఇల్లు దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. "మగదిక్కు ఉందా?" అని అడుగుతారు, "ఏమిట్లు?" అని అడుగుతారు, ఆ రెండు ప్రశ్నలూ దాటితే అప్పుడు అద్దె చెబుతారు.

ముసలివాళ్ళ సంగతి వేరు. వాళ్ళలో కొందరికి ఇల్లు ఉండేది. వాళ్ళే రాసిచ్చేశారు. ఒకావిడ, మా అమ్మ వయసు ఉంటుంది. ఉన్న రెండు గదుల ఇల్లు కొడుకు పేర గిఫ్టు రిజిస్ట్రేషను చేసింది. తర్వాత కోడలితో మాట పట్టింపు వచ్చి, గుడికని తీసుకొచ్చి మెట్ల మీద కూచోబెట్టి వెళ్ళిపోయారు. ఒకటో తారీకున మాత్రం వస్తారు. పింఛను కోసం వేలిముద్ర కావాలిగా! బండి మీద తీసుకెళ్ళి వేలిముద్ర వేయించుకుని, నాలుగు వేలు తీసుకుని, చేతిలో వంద పెట్టి మళ్ళీ మెట్ల దగ్గర దింపేవారు. మూడు నెలలు ఇలాగే జరిగింది. ఎందుకమ్మా ఎవరికీ చెప్పలేదంటే, "నా కొడుకు పరువు పోతుంది గదమ్మా" అంది.

ఈ విషయం మీద మీకు ఖాయంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి, రాసుకోండి. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. దాని కింద ఆర్డీఓ గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పదివేల వరకు పోషణ ఇప్పించవచ్చు. ఆ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. నన్ను చూసుకోవాలి అన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, వాళ్ళు చూడకపోతే ఆ దస్తావేజుని రద్దు చేయించుకోవచ్చు. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. ఆ షరతు దస్తావేజులో రాయించుకోరు. "కన్నకొడుకు దగ్గర కాగితమా" అనుకుంటారు. ఆ మాట కాగితంలో లేకపోతే తర్వాత నిరూపించుకోవడం చాలా కష్టం. రాసివ్వకుండా ఉండగలిగితే మరీ మంచిది. వీలునామా రాస్తే మనం పోయాకే అమల్లోకి వస్తుంది, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. రాసివ్వక తప్పదంటే, బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు నాదేనని అందులో పెట్టించండి. మీ గ్రూపులో ఎవరైనా రిజిస్ట్రేషను ఆఫీసుకి వెళుతున్నారని తెలిస్తే ముందు ఈ మాట చెవిన వేయండి. వృద్ధుల కోసం 14567 అనే ఫోను నంబరు కూడా ఉంది.

భర్త కొడితే రాత్రికి రాత్రి పిల్లల్ని చంకనేసుకుని బయటపడిన వాళ్ళు వస్తారు. పుట్టింటికి వెళితే నాలుగు రోజులు బాగానే చూస్తారు, అయిదో రోజు నుంచి తమ్ముడి భార్య గిన్నెలు గట్టిగా పెడుతుంది. ఆడపిల్లకి కూడా తండ్రి ఆస్తిలో సమాన వాటా అని మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఎంతమందిమి తీసుకున్నాం? పుట్టింటి తలుపు మూసుకుంటుందని అడగం. తీరా అవసరమొచ్చి వెళితే ఆ తలుపు ఎలాగూ సగమే తెరుచుకుంటుంది. ఇంకో మాట. అత్తవారింట్లో మన పేరు మీద ఏమీ లేకపోయినా, 2005 గృహహింస చట్టం ప్రకారం కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు మనకి ఉంది. గెంటేస్తే కోర్టు నుంచి నివాస ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. 181కి ఫోను చేస్తే దారి చెబుతారు. అలా తిరిగి వెళ్ళినవాళ్ళందరూ సుఖంగా ఉన్నారని అబద్ధం చెప్పను. కానీ బస్టాండులో ఉండటం కన్నా తన గదిలో తాళం వేసుకుని ఉండటం మేలని ఒకామె నాతో అంది.

మతి సరిగా లేకుండా తిరిగే ఆడవాళ్ళని చూస్తే మనం పక్కకి తప్పుకుంటాం. ఒక పిల్లని రైల్వే పోలీసులు మా దగ్గరికి తెచ్చారు. ఆమె భాష ఎవరికీ తెలియలేదు. జుట్టు అట్టలు కట్టి ఉంది. ఒంటి మీద పుళ్ళు. డాక్టరు దగ్గర మందులు వాడాక, నెలన్నరకి నోరు విప్పింది. ఒడియా. ప్రసవం తర్వాత జబ్బు చేసి, ఏదో రైలెక్కేసింది. ఇంటి దగ్గర ఏడాదిన్నర పిల్లవాడు ఉన్నాడు. పిచ్చిదనుకున్న మనిషి ఒక బాలింత! 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇలా తిరిగేవాళ్ళని కాపాడి, వైద్యుడి దగ్గరికి చేర్చవలసిన బాధ్యత పోలీసు స్టేషనుది. మనం స్టేషనుకి ఫోను చేస్తే వాళ్ళ పని వాళ్ళకి గుర్తుచేసినట్టే, భయపడనక్కర్లేదు. చెన్నైలో ఇద్దరు యువతులు రోడ్డు మీద ఇలాంటి ఒక స్త్రీని చూసి ఊరుకోలేక 1993లో 'బాన్యన్' అనే సంస్థ పెట్టారు. అక్కడ కోలుకుని ఇళ్ళకి చేరిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోకపోతే 14416కి ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇంటి నుంచి తరిమేసిన హిజ్రా పిల్లల గురించి, వరదల్లో గుడిసె పోయి మళ్ళీ వేసుకోలేకపోయిన వాళ్ళ గురించి కూడా చెప్పాలి కానీ టైము చాలదు. అధ్యక్షురాలు గారు గడియారం చూస్తున్నారు. అసలు విషయానికి వస్తాను.

పోయిన శ్రావణంలో, వర్షం పడుతున్న రాత్రి, ఒక తల్లి పన్నెండేళ్ళ కూతురితో వసతి గృహానికి వచ్చింది. తల మీద కొంగు కప్పుకుని ఉంది, నేను మొహం చూడలేదు. రిజిస్టరు ముందు పెట్టి సంతకమా, వేలిముద్రా అన్నాను. పెన్ను తీసుకుని మెల్లగా సంతకం పెట్టింది. మొదటి అక్షరానికి తలకట్టు ముందే పెట్టి, తర్వాత కిందకి దిగి రాసింది. అలా రాసే మనిషిని నాకు ఒక్కరే తెలుసు. ఎందుకంటే ఆమెకి సంతకం నేర్పింది మా గ్రూపులోనే, పలక మీద, నేనే. ఎన్నిసార్లు చెప్పినా తలకట్టు ముందే పెట్టేది.

మర్నాడు ఇంటికెళ్ళి మా గ్రూపు పాత మినిట్స్ పుస్తకం తీశాను. అందులో నా చేతిరాతే ఉంది. "వరుసగా మూడు సమావేశాలకు హాజరు కానందున, వాయిదాలు బకాయి ఉన్నందున సభ్యురాలి పేరు తొలగించడమైనది." కింద తొమ్మిది సంతకాలు. ఆమె పొదుపులో నుంచి బకాయి మినహాయించుకుని, మిగిలిన 3,240 రూపాయలు వచ్చి తీసుకెళ్ళమని కబురు చేయాలి అనుకున్నాం. చేయలేదు. ఆ నెలలో మా గ్రూపుకి బ్యాంకు లింకేజీ ఉంది. బకాయిలుంటే లోను రాదని తొందర. నూటికి నూరు శాతం రికవరీ అని ఆ ఏడాది ఇదే సమావేశంలో మా గ్రూపుకి బహుమతి కూడా ఇచ్చారు. స్టీలు బిందె. ఇప్పటికీ మా ఇంట్లో నీళ్ళు పట్టేది దానితోనే.

ఆమె భర్త సెంట్రింగ్ పనిలో పడిపోయిన సంగతి మాకందరికీ తెలుసు. ఆసుపత్రిలో ఉన్నాడనీ తెలుసు. అయ్యో అనుకున్నాం. ఆమె మీటింగుకి రానప్పుడు మాత్రం "మొహం చాటేసింది" అనుకున్నాం. ఎందుకు రాలేదమ్మా అని మొన్న అడిగితే ఆమె ఏమందో తెలుసా? "ఖాళీ చేతులతో వస్తే ఆలస్యం ఫైను పది రూపాయలు ఎవరిస్తారు వదినా?" అంది. ఆ పది రూపాయల ఫైను పెట్టాలని తీర్మానం చేయించింది కూడా నేనే.

ఆ మొదటి మీటింగు తప్పినప్పటికి ఆమెకి ఇల్లు ఉంది. రెండోది తప్పినప్పుడు అద్దె రెండు నెలలు బాకీ. మూడోది తప్పేటప్పటికి భర్త పోయాడు, సామాను బయట ఉంది. మేం పేరు కొట్టేసిన రోజుకి ఆమె ఆడపడుచు ఇంటి వరండాలో ఉంది. అక్కడి నుంచి వేరే ఊరు, పాచిపని, అక్కడ యజమాని వేధింపులు, మళ్ళీ ఈ ఊరి బస్టాండు. అంటే ఒక మనిషి ఇల్లు పోగొట్టుకుంటుందన్న సంగతి ఊళ్ళో అందరికన్నా ముందు మన పుస్తకానికి తెలుస్తోంది. హాజరు గడిలో, వాయిదా గడిలో.

నియమాలు వద్దని నేననను. పొదుపు, హాజరు, వాయిదా, ఇవి లేకపోతే మన గ్రూపులు ఏనాడో మూతపడేవి. ఇంకొకరి బాకీ మిగతా వాళ్ళ మీద పడుతుందన్న భయమూ నిజమే. కానీ ఈ సమావేశం ముందు నాలుగు విషయాలు తీర్మానానికి పెడుతున్నాను. ఎవరైనా రెండు సమావేశాలకి రాకపోతే, మూడో సమావేశంలోపు ఇద్దరు సభ్యులు ఆమె ఇంటికి వెళ్ళాలి. డబ్బు అడగడానికి కాదు, చూడటానికి. ఆ ఇద్దరూ చూసింది మినిట్స్‌లో రాయకుండా ఏ పేరూ కొట్టకూడదు. ఆసుపత్రి, చావు, గెంటివేత జరిగిన ఇంటికి మూడు నెలలు ఫైను ఉండకూడదు. సమాఖ్య నిధిలో నుంచి అద్దె అడ్వాన్సు కోసం చిన్న మొత్తం పక్కన పెట్టాలి, రెండు నెలల అద్దె అప్పుగా ఇచ్చినా చాలు. మనిషి రోడ్డు మీదకి వచ్చాక వసతి గృహంలో మనం పెట్టే ఖర్చుతో పోలిస్తే అది ఎంత తక్కువో కోశాధికారి గారిని అడగండి.

ఇక రోడ్డు మీద ఉన్నవాళ్ళకి కాగితాలు. చిరునామా లేదని రేషన్ లేదు, రేషన్ లేదని పింఛను లేదు అంటుంటారు. వసతి గృహం ఇచ్చే ధ్రువపత్రం మీద ఆధార్ తీసుకోవచ్చు. ఓటు కోసం ఇంటి కాగితం అక్కర్లేదు. ఫారం 6లో ఏ చోటు రాస్తే ఆ చోటికి బూత్ అధికారి రాత్రిపూట వచ్చి, అక్కడే పడుకుంటున్నారా అని చూసి నమోదు చేయాలి. ఆర్పీలు ఎవరైనా అలాంటి వాళ్ళని చూస్తే మాకు చెప్పండి. లక్ష మంది జనాభాకి వందమందికి సరిపడా వసతి ఉండాలని 2013లో వచ్చిన పట్టణ జీవనోపాధి పథకంలోనే రాశారు. అంతకుముందు 2010లో సుప్రీంకోర్టు గట్టిగా చెబితేనే ఆ మాత్రం కదిలింది.

మా గ్రూపు అక్కని మళ్ళీ సభ్యురాలిగా చేర్చుకున్నాం. 3,240 వడ్డీతో కలిపి ఆమె ఖాతాలో వేశాం. కూతురిని మున్సిపల్ స్కూల్లో చేర్పించాం. ఇల్లు ఇంకా దొరకలేదు. పదకొండు ఇళ్ళు తిరిగాం, ఇద్దరు ఆడవాళ్ళే ఉంటారంటే ఇవ్వడం లేదు. ఈ హాల్లో మూడు వందల మంది ఉన్నాం. ఎవరికైనా ఒక గది ఖాళీగా ఉంటే, భోజనాల దగ్గర నన్ను కలవండి. అద్దె మా గ్రూపు పూచీ. ఆమె ఇక్కడే ఉంది, వెనక వరసలో, వడ్డన వాళ్ళతో కూచుని ఉంది. పేరు చెప్పి నిలబెట్టను.